పెంచిన అడవి, వదిలిన అడవి

హైదరాబాద్ కేబీఆర్ పార్కునూ న్యూయార్క్ సెంట్రల్ పార్కునూ పక్కపక్కన పెట్టి చూడాలంటే బండల దగ్గర మొదలుపెట్టడం మేలు. చెట్లు మారుతుంటాయి, పిట్టలు వచ్చి పోతుంటాయి, రోడ్లు ప్రభుత్వం మారినప్పుడల్లా వెడల్పవుతుంటాయి. బండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. హైదరాబాద్ బండ గ్రానైట్, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. మన్‌హటన్ బండ షిస్టు, అభ్రకం పొరలతో ఎండలో తళుక్కుమంటుంది. దాని వయసు సుమారు 45 కోట్ల ఏళ్లు. మనది ఎండకూ వానకూ పొరలూడి గుండ్రబడి, ఎవరో తీరిగ్గా పేర్చిపెట్టినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడింది. వాళ్లది మంచుయుగంలో హిమానీనదం మీదినుంచి పాకిపోతుంటే ఒళ్లంతా గీరుకుపోయింది. ఆ గీతలు ఇప్పటికీ చేత్తో తడిమి చూడొచ్చు. రెండు నగరాలూ ఈ బండల మీదే లేచాయి, లేస్తూ లేస్తూ ఆ బండలనే పేల్చేశాయి. బంజారాహిల్స్‌లో హిల్స్ ఏవని అడిగితే ఇవాళ కేబీఆర్ కంచె లోపలికే వేలు చూపించాలి. మన్‌హటన్ నేల అసలు ఎలా ఉండేదని అడిగినా అంతే, సెంట్రల్ పార్కులోకే దారి చూపించాలి.

తిరువూరులో కూర్చుని ఈ రెండిటి గురించి రాయడానికి ఒక కారణం ఉంది. మా వైపు పార్కు అవసరం పెద్దగా ఎవరికీ తోచదు. ఊరు దాటితే మామిడి తోటలు, గట్ల మీద తాళ్లు, వానాకాలంలో కట్టలేరు వాగు, ఇంకాస్త ముందుకు పోతే ఖమ్మం జిల్లా. అయితే ఇంటికొకరు హైదరాబాద్‌లో ఉంటారు, వీధికొకరు న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉంటారు. చూడవచ్చిన పెద్దవాళ్లను పిల్లలు ఆదివారం పూట ఎక్కడికో ఒకచోటికి తిప్పాలి కదా. హైదరాబాద్‌లో అయితే కేబీఆర్, న్యూజెర్సీలో అయితే నది దాటి సెంట్రల్ పార్కు. తిరిగొచ్చాక వాళ్లు చెప్పే తీర్పు దాదాపు ఒకటే: సెంట్రల్ పార్కు అద్భుతం, కేబీఆర్‌లో ఏముందండీ, తుప్పలు. ఈ మాట అనేవాళ్లు చెట్టూ చేమా తెలియనివాళ్లు కారు. పూత చూసి కాపు ఎంతో చెప్పగల రైతులు. అందుకే కొట్టిపారేయలేం. కానీ వాళ్లు మెచ్చుకున్నదాన్ని మనుషులు చేశారు, వాళ్లు పెదవి విరిచినదాన్ని ఎవరూ చేయలేదు. నా ఆసక్తి అక్కడ పడింది.

సెంట్రల్ పార్కు సంగతి ముందు చెబుతాను, మనకు తక్కువ తెలిసింది అదే కాబట్టి. 1853లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ చట్టం చేసి దానికి చోటు కేటాయించింది. అప్పటికి జనం కిక్కిరిసిన ఊరంతా ద్వీపానికి దక్షిణాన ఉంది. పార్కు తలపెట్టిన చోట చిత్తడి, బండలు, అక్కడక్కడా పల్లెలు. ఏదో ఒక రోజు ఊరు ఇక్కడిదాకా పాకి వస్తుందని ముందే లెక్కవేసి స్థలం అట్టేపెట్టారు. నమూనాల కోసం పోటీ పెడితే 33 వచ్చాయి. 1858లో గెలిచింది ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ కలిసి ఇచ్చిన ‘గ్రీన్స్‌వార్డ్’ నమూనా. ఓమ్‌స్టెడ్ అంతకుముందు వ్యవసాయం చేసినవాడు, పత్రికలకు రాసినవాడు. వాక్స్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన వాస్తుశిల్పి. వాళ్లు 843 ఎకరాల్లో చేయించిన పని వింటే కళ్లు తిరుగుతాయి. బురదనేల తవ్వి చెరువులు చేశారు. గెటిస్‌బర్గ్ యుద్ధంలో కాల్చినదానికంటే ఎక్కువ మందుగుండు ఇక్కడి బండలు పేల్చడానికి అయిందని చెప్పుకుంటారు. ఉన్న మన్ను చాలక న్యూజెర్సీ నుంచి తోలించారు. పని ముగిసేసరికి 1876 వచ్చింది. ఉత్తరం వైపు చెట్ల మధ్య చిన్న జలపాతాలు ఉరుకుతుంటాయి, వాటి పక్కన నిలబడి మురిసిపోని మనిషి ఉండడు. ఆ నీళ్లు ఊరి గొట్టాల్లోంచి వచ్చేవే. ఇంత పనీ చేసి, చేసినట్టు కనబడకుండా దాచడం వాళ్ల విద్య.

కేబీఆర్‌ది తిరగేసిన కథ. దాని కోసం ఎవరూ నమూనా గీయలేదు, పోటీ పెట్టలేదు, మన్ను తోలలేదు. అది నిజాం కుటుంబం వారి చిరాన్ ప్యాలెస్ ఆవరణ, నాలుగు వందల ఎకరాలకు కాస్త అటూఇటూ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967లో పోయాక వారసత్వం మనవడు ముకర్రం జాకు వచ్చింది. ఆయనకు దర్బారు కంటే యంత్రాల మీద మక్కువ. ప్యాలెస్ ఆవరణలోనే వర్క్‌షాపు, బళ్లకు పెట్రోలు నింపుకునే ఏర్పాటూ ఉండేవి. 1970ల్లో ఆయన ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం పెట్టుకున్నారు. దొరగారు దూరమయ్యారు, ఆవరణలో తుప్ప తనపాటికి తాను పెరిగింది. చుట్టూ జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ప్లాట్లు ప్లాట్లుగా నిండిపోయాయి. పట్టణ భూపరిమితి చట్టం కింద చేతికి వచ్చిన ఆ నేలను 1998లో ప్రభుత్వం జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, 1964 నుంచి 1971 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసిన కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టింది. ప్యాలెస్ మాత్రం ఆ అడవి నడుమ అలాగే ఉండిపోయింది. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే మక్కా మసీదు ఆవరణలో ఖననం చేశారు. నిజాం మనవడి నేల, పల్నాటి నాయకుడి పేరు: హైదరాబాద్ ఆధునిక చరిత్రలో సగం ఆ గేటు బోర్డు మీదే ఉందనిపిస్తుంది.

భూమి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్న చోట ఈ రెండు కథలూ ఎడమొహం పెడమొహం. సెంట్రల్ పార్కు పడమటి అంచున సెనెకా విలేజ్ అనే ఊరుండేది. 1825 నుంచి నల్లజాతి కుటుంబాలు స్థలాలు కొనుక్కుని కట్టుకున్న ఊరు. చర్చిలు, ఒక బడి, చాలామందికి సొంత ఇళ్లు. 1855 నాటికి అక్కడ సుమారు 225 మంది ఉండేవారు. 1857లో అందరినీ ఖాళీ చేయించి ఊరిని నేలమట్టం చేశారు. మొత్తం పార్కు కోసం చోటు వదిలి పోవాల్సి వచ్చినవారు 1,600 మంది దాకా ఉంటారని అంచనా. ఆ తర్వాత చాలా కాలం ఆ ఊరి పేరు ఎవరి నోటా రాలేదు. అక్కడ అందరి తోట కోసం లేనివాళ్ల ఇళ్లు పోయాయి, కాగా ఇక్కడ దేశంలోనే మహా సంపన్నులైన కుటుంబం నేల అందరి తోట అయింది. వినడానికి మన కథే న్యాయంగా ఉంది. అయినా మనం గొప్పలు పోవడానికి లేదు, ఈ అందరి తోట చుట్టూ ఇవాళ ఎవరు కాపురముంటున్నారో చూస్తే చాలు. ఫిఫ్త్ అవెన్యూలో పార్కు కనబడే కిటికీకి ధర ఎలా పలుకుతుందో, జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ కనబడే బాల్కనీకీ అలాగే పలుకుతుంది. ఎవరూ ఇల్లు కట్టకూడని నేల పక్కనే అందరూ ఇల్లు కట్టాలనుకుంటారు.

చట్టం కూడా ఈ రెండిటినీ రెండు కళ్లతో చూసింది. సెంట్రల్ పార్కును అమెరికా 1963లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. అంటే దాన్ని ఒక కట్టడంగా, ఒక కళాకృతిగా కాపాడుతున్నారు. ఒక వంతెన మార్చాలన్నా ఓమ్‌స్టెడ్ ఏమనుకున్నాడో ఆరా తీస్తారు. కేబీఆర్‌కేమో పెద్ద అడవులకు వర్తించే వన్యప్రాణి సంరక్షణ చట్టమే వర్తిస్తుంది. దేశంలోని అతి చిన్న జాతీయ ఉద్యానవనాల్లో అదొకటి. ఆ లెక్కన అది బొటానికల్ గార్డెన్ కంటే నల్లమలకు దగ్గరి చుట్టం. ఉదయం ఏడింటికి బూట్లు బిగించుకుని వచ్చే నడక జనంలో ఈ సంగతి తట్టేవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

ఇక అందం సంగతి. సెంట్రల్ పార్కులో ‘ర్యాంబుల్’ అని ముప్ఫై ఆరు ఎకరాల చిట్టడవి ఉంది. బాటలను కావాలనే వంకరలు తిప్పారు, దారి తప్పడమే అక్కడ వినోదం. ఒక మలుపులో నీళ్లు, ఇంకో మలుపులో బండ, ఆ తర్వాత ఉన్నట్టుండి చెట్ల సందులోంచి ఒక మేడ కొస. చూసేవాడి కన్ను ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగాలో నూట అరవై ఏళ్ల కిందటే ఎవరో ఆలోచించి పెట్టారు. నాకు ఇందులో మోసమేమీ కనిపించదు. నాటకం చూస్తూ తెర వెనక తాళ్లున్నాయని ఎవరమూ కోప్పడం కదా.

కేబీఆర్ అలా కన్నును నడిపించదు. వేప, తుమ్మ, రేగు, సీతాఫలం, పేరు తెలియని ముళ్ల పొదలు, వాటి నడుమ బండలు. మే నెలలో చూస్తే అంతా బూడిద రంగు, ఎండిన గడ్డి, నెర్రెలిచ్చిన నేల. మా రైతుల తీర్పు ఇక్కడే పుట్టింది. మామిడి తోట ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, అందుచేత ఆకు రాల్చిన అడవి మావాళ్ల కంటికి జబ్బు చేసినట్టు కనిపిస్తుంది. ఆకు రాల్చడం దక్కను ఎండను తట్టుకోవడానికి ఆ చెట్లు నేర్చిన ఉపాయం. జూన్‌లో రెండు మంచి వానలు పడనివ్వండి, అదే చోట లోపలికి చూపు దూరనంత పచ్చదనం లేస్తుంది. తమాషా ఏమిటంటే సెంట్రల్ పార్కు కూడా ఆకు రాలుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఆ రాలే ఆకుల కోసమే జనం ఎగబడతారు, మన పిల్లలు పంపే ఫొటోల్లో సగం ఆ ఎరుపూ పసుపూ ఉన్నవే. అక్కడ ఆకు రాలితే పండుగ, ఇక్కడ ఆకు రాలితే ఎండిపోయిందంటాం. సెంట్రల్ పార్కు చూడగానే నచ్చుతుంది, నచ్చేలా చేశారు గనక. కేబీఆర్ నచ్చడానికి కనీసం రెండు ఋతువులు చూడాలి. విమర్శకుడిగా నేను రెండోదానికి ఒక మార్కు ఎక్కువ వేయాలనుకుంటాను, చూపరిగా మొదటిదాని ముందు నోరు తెరుచుకుని నిలబడతాను.

పిట్టల విషయంలో మాత్రం ఈ రెండు తోటలూ అనుకోనంత దగ్గరి చుట్టాలు. ఉత్తర అమెరికా తూర్పు తీరం వెంట వలస పోయే పిట్టలకు మైళ్ల కొద్దీ కాంక్రీటు నడుమ దిగడానికి దొరికే పచ్చటి చోటు సెంట్రల్ పార్కు. అందుకని ఏప్రిల్, మే నెలల్లో ర్యాంబుల్ నిండా మెడలో బైనాక్యులర్లు వేసుకున్న మనుషులే. ఇప్పటివరకు అక్కడ కనిపించిన పక్షిజాతులు రెండు వందలకు పైమాటే. కేబీఆర్‌లోనూ వందకు మించిన జాతులున్నాయని జాబితాలు చెబుతాయి. ముళ్లపంది, పునుగుపిల్లి కూడా ఆ జాబితాల్లో ఉన్నాయి. సామాన్యుడికి ఎదురయ్యేది నెమలి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర హారన్ల మోత సాగుతుండగానే కంచె అవతల నెమలి గొంతు వినిపిస్తుంది, ఒక్కోసారి అది గోడెక్కి ట్రాఫిక్‌ను తనిఖీ చేస్తుంటుంది. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కును కాపాడే కన్సర్వెన్సీ 1980లో పుట్టింది. హైదరాబాద్‌లో పక్షి ప్రేమికుల సంఘం, బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, పుట్టిందీ 1980లోనే. సంబంధం ఏమీ లేదు, అయినా ఈ కాకతాళీయం నాకు ఇష్టం.

ఇంకో చుట్టరికం ఉంది, కాస్త చిక్కైనది. 1890లో యూజీన్ షిఫ్లిన్ అనే ఔత్సాహికుడు యూరప్ నుంచి అరవై స్టార్లింగ్ పిట్టలు తెప్పించి సెంట్రల్ పార్కులో వదిలాడు. అవి అమెరికా ఖండమంతా కమ్ముకున్నాయి. ఇవాళ అక్కడి రైతులు వాటిని తిట్టని రోజు లేదు. ఆ స్టార్లింగ్ మన గోరింక కుటుంబానిదే. ఇక్కడ గోరింక ఎవరూ తేకుండానే ఉంది, కేబీఆర్‌లోనూ ఉంది, తిరువూరు బస్టాండులోనూ ఉంది. అదే గోరింకను ఆస్ట్రేలియా తీసుకెళితే అక్కడ అది బెడద అయి కూర్చుంది. ప్రకృతి అంటే పచ్చగా, రెక్కలతో ఉన్నదేదైనా అనుకుంటే సరిపోదని, ఏది ఎక్కడిదన్న లెక్క కూడా ఉండాలని ఈ పిట్ట పాఠం చెబుతుంది.

పిట్ట కోసం నగరం మనసు మార్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఫిఫ్త్ అవెన్యూలో ఒక ఖరీదైన భవనం చూరు మీద పేల్ మేల్ అని జనం పేరు పెట్టుకున్న డేగ ఏళ్ల తరబడి గూడు కట్టుకుంది. 2004లో భవనం వాళ్లు గూడు పీకేస్తే ఊరు ఊరంతా వీధిలో నిలబడి అరిచింది, వారాలు తిరక్కుండా గూటికి ఆసరా మళ్లీ బిగించారు. అయితే 2023లో సెంట్రల్ పార్కు జూలో ఎవరో వల కోసేయడంతో బయటపడ్డ ఫ్లాకో అనే గుడ్లగూబకు అంత అదృష్టం లేదు. ఏడాది పాటు నగరం దాన్ని నెత్తిన పెట్టుకుంది. 2024 ఫిబ్రవరిలో ఒక మేడకు గుద్దుకుని చనిపోతే, దాని ఒంట్లో ఎలకల మందు తేలింది. నగరంలో ప్రకృతి ఎంత స్వేచ్ఛగా ఉన్నా నగరం పెట్టింది తినే బతకాలి. కేబీఆర్ అంచు దాటి వీధుల్లోకి వచ్చే నెమలికీ ఈ మాట వర్తిస్తుంది.

మనుషులు ఈ తోటల్లో ఎలా తిరుగుతారన్న దగ్గర మళ్లీ దారులు చీలతాయి. సెంట్రల్ పార్కులోకి ఎటునుంచైనా దూరి ఎటైనా తేలొచ్చు. గడ్డి మీద పడుకోవచ్చు, పడవ ఎక్కొచ్చు, పెళ్లి ఫొటోలు దిగొచ్చు, నాటకం చూడొచ్చు. కేబీఆర్‌లో ఎక్కువమంది చేసేది ప్రదక్షిణ. అంచు వెంట సాగే నడకదారి మీద గుడి చుట్టూ తిరిగినట్టు తిరుగుతారు, గర్భగుడి వైపు చూడరు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, నోట్లో షేర్ మార్కెటు, సినిమా కబుర్లు, మోకాళ్ల నొప్పులు. నాకు ఈ దృశ్యం చూస్తే చిరాకు పుట్టాలి, పుట్టదు. వాళ్లు లోపలికి వెళ్లకపోవడమే లోపలి ప్రాణులకు రక్ష. అక్కడ జనం అడవిని అనుభవిస్తారు గనక దాని కోసం చందాలిస్తారు, పోట్లాడతారు. ఇక్కడ జనం దాన్ని ముట్టుకోరు గనక అది మిగిలింది. రెండిటిలో ఏ పద్ధతి మంచిదంటే నేను చెప్పలేను. రెండిటికీ తమ తమ నష్టం ఉందని మాత్రం చెప్పగలను: ముట్టుకోనిదాని మీద జనానికి మమకారం ఆలస్యంగా పుడుతుంది.

ఆ మమకారం కేబీఆర్ విషయంలో 2016లో పుట్టింది, గొడ్డళ్ల చప్పుడు విన్నాక. వ్యూహాత్మక రహదారుల ప్రణాళిక కింద పార్కు చుట్టూ ఉన్న కూడళ్లలో ఫ్లైఓవర్లు కట్టాలని, అందుకు చెట్లు తీయాలని తలపెట్టినప్పుడు నగరవాసులు వీధిలోకి వచ్చారు, వ్యవహారం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. 2020లో కేంద్రం ఖరారు చేసిన పర్యావరణ సున్నిత మండలం చూడండి: ఒకచోట మూడు మీటర్లు, ఎంత ఎక్కువ ఉన్న చోటైనా ముప్ఫై మీటర్ల లోపే. జాతీయ ఉద్యానవనానికి ఒక ఆటో పొడవు పాటి రక్షణ. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారినా ఆలోచన మారలేదు. అవే ఆరు కూడళ్లు, మళ్లీ ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు, మళ్లీ కేసులు. ట్రాఫిక్ కష్టం అబద్ధమని నేననను. పార్కు దగ్గరి క్యాన్సర్ ఆస్పత్రి ముందు సాయంత్రం ఇరుక్కుపోయిన అంబులెన్సును చూస్తే ఎవరూ అనలేరు.

న్యూయార్క్‌కు ఈ చిక్కు 1858లోనే ఎదురైంది. పార్కును అడ్డంగా దాటే రోడ్లు నాలుగు ఉండి తీరాలని పోటీ నిబంధనల్లోనే రాశారు. మిగతా పోటీదారులు రోడ్లను పార్కు మీదుగా గీశారు. ఓమ్‌స్టెడ్, వాక్స్ వాటిని నేలకు దిగువన తవ్వి, పైన వంతెనలు వేసి చెట్లు పెంచారు. బళ్లు కింద పోతుంటాయి, పైన నడిచేవాడికి వాటి జాడ తెలియదు. గుర్రబ్బళ్ల కాలంలో చేసిన పని ఇవాళ్టి ట్యాక్సీలకూ పనికొస్తోంది. ఇంత చేసినవాళ్లూ పార్కు లోపలి సుందర మార్గాల్లోకి కార్లను రానిచ్చి, 2018లో గానీ పూర్తిగా ఆపలేకపోయారు. కాబట్టి న్యూయార్క్‌ను పూజించాల్సిన పని లేదు. కానీ ఒక తేడా గమనించాలి. అక్కడ రోడ్డును నేలలోకి దించింది పార్కు గీసినవాళ్లు, పార్కు కోసం. ఇక్కడ రోడ్డు గీసినవాళ్లు పార్కు అంచును రోడ్డు కోసం కొలుస్తున్నారు. అండర్‌పాస్ రెండు చోట్లా అండర్‌పాసే, ఎవరి బల్ల మీద పుట్టిందన్నదే ప్రశ్న.

ఇంతవరకూ సెంట్రల్ పార్కును పెంచిన అడవి అనీ, కేబీఆర్‌ను వదిలేసిన అడవి అనీ విడదీస్తూ వచ్చాను. ఈ విభజనను గట్టిగా పరీక్షించే చోటు సెంట్రల్ పార్కులోనే ఉంది. ఆగ్నేయం మూలన నాలుగెకరాల హాలెట్ అభయారణ్యాన్ని 1934లో కంచె వేసి, పక్షుల కోసమని మూసేశారు. దశాబ్దాల పాటు మనిషి చెయ్యి పడలేదు. అంటే న్యూయార్క్ తన తోట మూలన ఒక చిన్న కేబీఆర్‌ను పెట్టుకుంది. ఫలితం? విస్టీరియా తీగ చెట్లన్నిటినీ చుట్టేసి ఊపిరాడకుండా చేసింది, బయటి దేశాల మొక్కలు కమ్ముకున్నాయి. 2001లో కన్సర్వెన్సీ లోపలికి దిగి ఏళ్ల తరబడి కలుపు తీసి, స్థానిక మొక్కలు నాటి, 2016లో జనానికి తెరిచింది. కేబీఆర్‌లోనూ లాంటానా అనే అమెరికా పొద పాతుకుపోయింది. వదిలేస్తే అడవి తనను తాను చూసుకుంటుందన్న నమ్మకం నల్లమల వెడల్పున చెల్లుతుందేమో, చుట్టూ నగరం మూసుకున్న నాలుగు వందల ఎకరాల్లో చెల్లదు.

మా వైపు మాటలో చెబితే సెంట్రల్ పార్కు అంటుకట్టిన మామిడి, కేబీఆర్ టెంక నుంచి తనంత తాను లేచిన చెట్టు. అంటు చెట్టు తొందరగా కాస్తుంది, ఏ కాయ కాస్తుందో ముందే తెలుస్తుంది. టెంక చెట్టు వేరు లోతుకు పోతుంది, కాయ రుచి కాశాక గానీ తెలియదు. మా తిరువూరు, నూజివీడు రైతులు అంటునే నమ్ముకుంటారు, అందులో తప్పులేదు, సంసారం గడవాలి కదా. అయితే అంటు కట్టాలన్నా కింద వేరు కోసం టెంక మొలకే కావాలన్నది ఏ నర్సరీలో అడిగినా చెబుతారు. అందుకే కేబీఆర్‌లో ఏముందన్న మాటను నేను సగమే ఒప్పుకుంటాను. తుప్పలే ఉన్నాయి. నగరం రాకముందు జూబ్లీహిల్స్ అంతటా ఉన్నవి ఆ తుప్పలే. ఆ తుప్పలకు సెంట్రల్ పార్కుకు దొరికినంత చాకిరీ, డబ్బు, చదువున్న కళ్లు దొరికితే ఏమవుతుందో ఇంకా ఎవరూ చూడలేదు.

చూసే అవకాశం ఒకటి 2025లో చేతికి వచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల్లో రాత్రీ పగలూ యంత్రాలు దిగి చెట్లు కూల్చాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ నేలలోనూ బండలే, తుప్పలే, నెమళ్లే, అదీ దాదాపు కేబీఆర్ అంత విస్తీర్ణంలో. 1998లో ప్రభుత్వం చేసిన పనిని ఇప్పుడు కోర్టు చెబితే గానీ ఆలోచించలేని స్థితికి వచ్చాం. ఏ ప్రభుత్వమైనా సరే, కేబీఆర్ చుట్టూ కూడళ్లు గీసే బల్ల దగ్గరికి, కంచ గచ్చిబౌలి భవిష్యత్తు తేల్చే బల్ల దగ్గరికి మొక్కలు తెలిసిన ఒకరినీ పిట్టలు తెలిసిన ఒకరినీ నక్షా గీయకముందే పిలవాలి. గీశాక పిలిస్తే వాళ్లు చేయగలిగింది కేసు వేయడమే.